కరవుకాలువయు ఒంగోలు క్రైస్తవమును

మా ఒంగోలు పేరు చెప్పగనే లోకమునకు గిత్తలు జ్ఞప్తికి వచ్చును గాని, ప్రార్థన కొండను, జూవెట్ స్మారక దేవాలయమును, క్లౌ దొర పేరిట వెలసిన ఆసుపత్రిని ఎఱిగిన మాబోంట్లకు, ఈ ఊరి చరిత్రలో సగపాలు బాప్టిస్టు మిషనుదే. నెల్లూరునుండి వచ్చిన లైమన్ జూవెట్, భార్యతోడను కొలదిమంది తెలుగు విశ్వాసులతోడను 1854 జనవరి 1వ తేదీ వేకువను ఆ కొండనెక్కి ప్రార్థించెను. జాన్ క్లౌ దంపతులు 1866లో ఇచ్చట కాపురము పెట్టిరి.

కథను దొరలతో మొదలిడుట మావారికి అలవాటు. నాకది సమ్మతము కాదు. క్లౌ ఒంగోలులో కుదురుకొనకమునుపే, తోళ్లవర్తకము చేసికొనుచు రాజయోగమును సాధించిన ఎఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద, తనంతట తానీ మతమును వెదకికొనివచ్చి, తనవారికి బోధించుచుండెను. మాదిగలను సంఘమున చేర్చుకొన్నచో తమ బిడ్డలను మిషను బడి మాన్పింతుమని బ్రాహ్మణులు పట్టుబట్టగా, క్లౌ దంపతులు మాదిగలనే చేర్చుకొనిరి. బడి చిక్కిపోయినది, సంఘము పెరిగినది.

పిమ్మట ధాత నామ సంవత్సరపు కరవు వచ్చెను. యౌవనమున సర్వేపని నేర్చిన క్లౌ, బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని, పస్తులున్న వేలమందికి కూలి కల్పించెను. గంజినీళ్లకు మతము మారిరని నేటికిని ఎత్తిపొడుచువారు గమనింపవలసినదొకటి కలదు: కూలియు సాయమును అందుచున్నంతకాలము, ఏడాదికి పైగా, ఆయన ఎవ్వరికిని బాప్తిస్మమీయ నిరాకరించెను. కడుపు కాలుచున్నవాని మనసులోని మాట తేల్చుట ఎవరి తరము? కరవుసాయము ముగిసినది, ఇక నాయొద్ద పైకము లేదని తెలిపినపిమ్మటనే జనులు బాప్తిస్మము కోరి వెల్లంపల్లికడ గుమిగూడిరి. మాకు నీ సాయమక్కరలేదు, కష్టపడియే తింటిమనుచు, బొబ్బలెక్కిన చేతులే అందుకు సాక్ష్యమనిరట!

1878 జూలై 3వ తేదీని అచ్చటనే గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇంత పెద్ద సంఖ్యను దొర ఖాతాలో వ్రాయుట పరిపాటియైనది గాని, ఆనాడు క్లౌ స్వయముగ ఒక్కరికైనను బాప్తిస్మమీయలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరలసినప్పుడు మఱియిద్దరుగా, వంతులవారీగ నీటిలో దిగి ఆ పని నెరవేర్చిరి.