అరకు లోయలో వేసవి: దస్త్రాలకెక్కని పనికాలం

మైదాన ప్రాంతపు రైతుకు వేసవి తీరిక కాలం. కోతలు ముగిసి, కళ్లాలు ఊడ్చి, ధాన్యం గాదెలకెక్కిన తరవాత పెళ్లిళ్లకూ తీర్థాలకూ ఊళ్లు తిరగడానికీ దొరికే రెండు మూడు నెలలివి. మన సామెతలూ సెలవులూ పంచాంగపు ముహూర్తాలూ చాలావరకు ఈ లెక్క మీదనే నడుస్తాయి. ఇదే లెక్కను కొండలకు వర్తింపజేస్తే మాత్రం పొరపాటవుతుంది. కొండ లోయలో వేసవి ఏడాది మొత్తంలోకీ బరువైన పనికాలం. వానాకాలంలో ఇంటిల్లిపాదీ ఏం తినాలో, ఎవరికి ఎంత బాకీ పడాలో చాలావరకు అప్పుడే తేలిపోతుంది. ఈ సంగతిని అరకు లోయ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

తూర్పు కనుమలలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, విశాఖపట్నానికి వాయవ్యంగా వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది అరకు. గాలికొండ, సుంకరిమెట్ట, చిటమోగొంది కొండలు దానికి కాపు. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కొటియలు, పోర్జలు, గదబలు, ఖోందులు, నూకదొరలు ఇక్కడి ప్రధాన జాతులు. వీరి మధ్య తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా కూడా ఉమ్మడి భాషగా చెలామణి అవుతుంది. లోయ దాటి పడమరకు వెళితే కోరాపుట్ జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఆ ప్రాంతమూ ఈ ప్రాంతమూ ఒకే విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. కోరాపుట్, జయపురం, పొట్టంగి ప్రాంతాల నుంచి వచ్చే మన విద్యార్థులకు కింద చెప్పబోయే విషయాలు చాలావరకు పరిచితంగా తోచడానికి కారణమిదే.

వేసవి పనులు

మైదానంలో వడగాడ్పులు వీచే రోజుల్లో కూడా లోయలో తెల్లవారుజామున చలిగానే ఉంటుంది. పని ఆ చల్లదనంలోనే మొదలవుతుంది. మొదటి పని నీళ్లు. గెడ్డలు సన్నగిల్లినప్పుడు స్త్రీలు ఇసుకలో చెలమలు తీసి, ఊరిన నీటిని చిప్పతో తోడి కుండలు నింపుతారు. ఎండ ముదిరేలోపు అడవికి పోయి, మధ్యాహ్నానికి తిరిగివచ్చి, చోడి అంబలి తాగి, నీడపట్టున కూర్చుని తెచ్చిన సరుకును బాగుచేస్తారు. సాయంకాలం మళ్లీ నీళ్లు, కట్టెలు.

అడవి నుంచి తెచ్చే సరుకుకు ఒక వరస ఉంది. చలి తగ్గే వేళకు కొండచీపురు, కరక్కాయ. తరవాత చింతపండు. ఆ వెంట ఇప్పపూవు. ఎండలు ముదిరాక మామిడి, పనస. చింతకాయను చెట్టు మీద నుంచి దులపడం మగవారి పని కాగా, పెంకు ఒలిచి, గింజ తీసి, ఎండబెట్టి, ముద్ద కట్టడం ఆడవారి పని. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు. దానికి పట్టా ఉండదు. అడ్డాకును తెచ్చి, ఆరబెట్టి, సన్నని వెదురుపుల్లలతో విస్తళ్లు కుడతారు. మైదానపు పెళ్లి పంక్తిలో పరిచిన అడ్డాకు విస్తరి వెనక ఈ వేసవి శ్రమ ఉంది. మన తీరిక వారి పని మీద ఆధారపడి ఉందన్నమాట.

ఇదే సమయంలో కొండవాలుల్లో పోడు పని సాగుతుంది. చలికాలం చివర నరికిన చెట్లూ తుప్పలూ ఎండలకు ఎండిపోతాయి. తొలకరికి ముందు వాటిని కాల్చి, బూడిద పరచుకున్న నేలలో వానలు పడగానే సామ, చోడి, కొర్ర, కంది వేస్తారు. కాల్చడంలో రోజుల లెక్క ముఖ్యం. తొందరపడితే పచ్చిచెట్లు కాలవు, ఆలస్యమైతే వాన ముంచుకొస్తుంది. ఈ నెలల్లోనే ఇంటికప్పు విప్పి కొత్త గడ్డి నేయాలి, గోడలకు ఎర్రమట్టి పూయాలి, గెడ్డ పక్కనున్న మడిచెక్కల గట్లు సర్దాలి.

మామిడి విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మైదానంలో పండు తిని టెంక పారవేస్తారు. లోయలో టెంకలను పోగుచేసి ఎండబెడతారు. లోపలి జీడిని దంచి, వగరు పోయేదాకా పారే నీటిలో నానబెట్టి, ఆ పిండితో అంబలి కాచుకుంటారు. పాత గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని ఆషాఢ శ్రావణాల్లో ఇది ప్రాణాధారం. అది రుచికోసం తినే తిండి కాదు. 2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో టెంక అంబలి తిన్న గిరిజనులు మరణించినప్పుడు, ఆ చావులకు కారణం టెంకా, ఆకలా అన్న చర్చ దేశమంతటా జరిగింది. వేసవిలో ఏం దాచుకోగలిగారు, ఏం దాచుకోలేకపోయారు అన్న ప్రశ్న ఎంత బరువైనదో ఆ సంఘటన తెలియజేస్తుంది.

పండుగ

ఇంత పని మధ్యనే చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తుంది. ఒడియా మాటలో ఇది చైత్ర పరబ్. కొన్ని రోజుల పాటు మగవారు కలిసి వేటకు పోవడం, ఉత్త చేతులతో తిరిగి వచ్చినవారిని ఆడవారు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేయడం ఆచారం. దారికి అడ్డంగా కర్ర కట్టి, వచ్చేపోయేవారిని ఆపి, పాట పాడి డబ్బులు అడుగుతారు. రాత్రిళ్లు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడికొమ్ములు మోగుతుంటే స్త్రీలు ఒకరి నడుము ఒకరు చుట్టి ధింసా ఆడతారు. పర్యాటకుల కోసం ప్రదర్శించే ధింసా చాలామందికి తెలుసు. అది ఈ పనుల క్యాలెండరులో ఎక్కడ నిలుస్తుందో తెలిసినవారు తక్కువ. పండుగ వేళ విత్తనాలను దేవత ఎదుట ఉంచి పూజించే ఊళ్లున్నాయి. విత్తే రోజును దిశారి నిర్ణయిస్తాడు. పాత పంటకూ కొత్త విత్తుకూ నడుమ గడపవంటిది ఈ పండుగ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరవాత వేట నేరమైంది. అయినా పండుగ నిలిచింది.

చట్టమూ వేసవీ

ఇన్ని పనులున్న కాలం గురించి ప్రభుత్వ దస్త్రాలు ఏం చెబుతాయి? చాలా తక్కువ. శిస్తు లెక్కలు పంటను చూస్తాయి గనుక వాటికి వేసవి ఖాళీగా కనబడుతుంది. అటవీశాఖ లెక్కలు అపరాధాలను చూస్తాయి గనుక వాటికి వేసవి నిప్పుగా, నరికివేతగా కనబడుతుంది. రెండింటిలోనూ పని అన్న మాట లేదు. కొండప్రాంతపు చరిత్ర చదివేవారు ఈ లోపాన్ని గుర్తుంచుకోవాలి.

1839 చట్టంతో ప్రభుత్వం ఈ కొండలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు కింద ఉంచింది. ఏజెన్సీ అన్న మాట అక్కడినుంచే వచ్చింది. ఆ తరవాత వచ్చిన ఆంక్షలు కొండవారిని తాకిన తీరు చూడండి. కొండల్లో జీలుగు కల్లు పానీయమూ, కొంతవరకు ఆహారమూ. ఇంటి అవసరానికి కల్లు గీయడాన్ని నిషేధించి, కల్లు హక్కును గుత్తకు ఇవ్వడం, దానికి చిగురుపన్ను తోడవడం 1879 మార్చిలో గోదావరి ఏజెన్సీలోని రంపలో తిరుగుబాటుకు ముఖ్య కారణాలయ్యాయి. తిరుగుబాటు మొదలైన నెల కూడా గమనించదగినది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు చేసిన అడవిలో పోడు నరకడం, నిప్పు పెట్టడం, పశువులను మేపడం, సరుకు తేవడం, ఇవన్నీ శిక్షార్హమయ్యాయి. పైన మేము చెప్పిన పనుల పట్టికనూ ఈ నిషేధాల పట్టికనూ పక్కపక్కన పెడితే చాలా పేర్లు కలుస్తాయి. ఒక ఋతువు పనులనే చట్టం నేరాలుగా మార్చిందని అర్థం. 1922 ఆగస్టులో గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మొదలైన పోరాటానికి పోడు మీద ఆంక్షలు, ఘాట్ రోడ్డు పనిలో బలవంతపు చాకిరీ కారణాలని చరిత్రకారులు చెబుతారు.

చట్టం కన్నా నెమ్మదిగా, లోతుగా పనిచేసింది అప్పు. వానాకాలపు ఆకలికి షావుకారు దగ్గర గింజలు తెచ్చుకున్నవాడు వేసవి చింతపండును ముందే అతనికి రాసి ఇచ్చినట్టే. కొలత షావుకారుది, ధర షావుకారుది. చింతపండు చాలకపోతే మనిషే తాకట్టు. దీన్ని గోతి అన్నారు. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో ఈ రుణదాస్యాన్ని రద్దు చేస్తూ నిబంధన తెచ్చింది. 1976లో దేశమంతటికీ వెట్టి రద్దు చట్టం చేయవలసి వచ్చిందంటే, మొదటిది ఎంతమేరకు అమలయిందో ఊహించవచ్చు.

మారిన వేసవి

స్వాతంత్ర్యం తరవాత సంతలో షావుకారుకు పోటీగా 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1959, 1970 నిబంధనలు గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా కట్టడి చేశాయి. 1969లో ముఠాదారీ పద్ధతి రద్దయింది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం లోయ గుండా వచ్చింది. పోడుకు బదులుగా కాఫీని ప్రభుత్వ సంస్థలు ప్రోత్సహించాయి. కాఫీతో వేసవికి కొత్త అర్థం వచ్చింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పడే జల్లులకు కాఫీ పూస్తుంది. ఆ జల్లు తప్పితే దిగుబడి తగ్గుతుంది. ఒకప్పుడు కాల్చడానికి వాన రాకూడదని చూసిన రోజుల్లోనే ఇప్పుడు వాన కోసం చూస్తారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాల గనుల వివాదంలో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద అడవిబిడ్డలకు యాజమాన్యపు హక్కును గుర్తించింది. అడ్డాకూ చింతపండూ ఏరుకునే పని, 1882 తరవాత 124 ఏళ్లకు, దేశ చట్టంలో హక్కుగా నమోదైంది. హక్కు కాగితం మీదికి వచ్చినంత మాత్రాన సంతలో ధర దానంతటదే రాదన్నది వేరే సంగతి.

ఈ చర్చ వల్ల తేలే విషయం ఒకటి. కొండప్రాంతపు తిరుగుబాట్లనూ చట్టాలనూ తేదీలుగా చదివితే అవి విడివిడి సంఘటనలు. అక్కడి ఋతువుల పక్కన పెట్టి చదివితే అవి ఒకే కథలోని ఘట్టాలు. ఏ నెలలో ఏ పని అన్నది తెలియకుండా ఏ ఆంక్ష ఎవరి కడుపు మీద కొట్టిందో తెలియదు.

ఈ పద్ధతి అరకుకే పరిమితం కాదు. కృష్ణగిరి, హోసూరు, బళ్లారి, చంద్రపూర్, గంజాం, యానాం ప్రాంతాల తెలుగు కుటుంబాలకూ తమ తమ పనుల క్యాలెండర్లున్నాయి. వాటిలో చాలా భాగం ఏ రాష్ట్రపు దస్త్రంలోనూ లేదు. ఇళ్లలోని పెద్దవాళ్లను, ముఖ్యంగా స్త్రీలను, వేసవిలో ఏం చేసేవారు, ఏం దాచేవారు, ఎవరికి అమ్మేవారు, ఏ కొలతతో అమ్మేవారు అని అడిగి, వారి మాటల్లోనే రాసిపెట్టుకోవాలని విద్యార్థులకు మా సూచన. పనితో పాటే పనిముట్టు పేరూ కొలత పేరూ కనుమరుగవుతాయి. వాటిని రాసుకునే పని ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.