శిక్ష నుంచి సంకేతానికి: కుక్కల శిక్షణలో భావ పరిణామం (1872–2009)

'శిక్ష' అనే పదానికి సంస్కృతంలో నేర్పడం, విద్య అనేవి ప్రధానార్థాలు. వేదాంగాలలో ఒకటైన శిక్ష ఉచ్చారణశాస్త్రమే తప్ప దండనశాస్త్రం కాదు. తెలుగు వాడుకలో మాత్రం ఈ పదానికి దండన అనే అర్థం స్థిరపడింది. నేర్పడమనే అర్థాన్ని 'శిక్షణ' నిలుపుకొంది. ఒకే ధాతువుకు చెందిన ఈ రెండు మాటల మధ్య ఏర్పడిన ఎడం, గత శతాబ్దంన్నర కాలంలో ఐరోపా, అమెరికాలలో కుక్కలకు నేర్పే పద్ధతుల చరిత్రను అర్థం చేసుకోవడానికి చక్కగా ఉపకరిస్తుంది. అక్కడ కూడా వివాదమంతా ఈ రెండింటి మధ్యనే నడిచింది.

కుక్క దేహభాషను శాస్త్రదృష్టితో వర్ణించిన తొలి ప్రముఖుడు చార్లెస్ డార్విన్. మానవులు, జంతువులు భావాలను వ్యక్తీకరించే తీరుపై 1872లో వెలువరించిన గ్రంథంలో ఆయన ఒక కుక్కను రెండు స్థితులలో చూపాడు. అపరిచితుడిపైకి వెళ్లే కుక్క బిగుసుకొని నిటారుగా నడుస్తుంది. తోక నిక్కబొడుస్తుంది, చెవులు ముందుకు వాలుతాయి, చూపు నిలిచిపోతుంది. వచ్చినవాడు యజమానేనని తెలియగానే ఒళ్లు కిందికి వంగి మెలికలు తిరుగుతుంది, చెవులు వెనక్కి పోతాయి, తోక ఊగుతుంది. పరస్పర విరుద్ధమైన భావాలు పరస్పర విరుద్ధమైన భంగిమలలో వెలువడతాయన్నది ఆయన సూత్రం. కుక్క 'మాట్లాడుతుంది' అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం అప్పటికి లేదు.

మనిషి వైపు నుంచి వెళ్లే సంకేతాల సంగతి ఒక గుర్రం వల్ల బయటపడింది. బెర్లిన్‌లో ఫాన్ ఓస్టెన్ అనే ఉపాధ్యాయుని గుర్రం 'హాన్స్' కూడికలకు గిట్టతో తట్టి జవాబు చెప్పేది. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ దానిని పరీక్షించి 1907లో ఫలితాలను ప్రకటించాడు. ప్రశ్న అడిగేవారికే జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియడం లేదు. సరైన సంఖ్య వద్ద వారి తలలో కలిగే, వారికే తెలియని స్వల్ప కదలికను చూసి అది ఆగేది. మనం నోటితో చెప్పేది ఒకటి, ఒంటితో చెప్పేది మరొకటి అయితే, జంతువు రెండోదాన్నే నమ్మవచ్చునన్న పాఠం ఇందులో ఉంది. గుర్రానికి లెక్కలు రావని తేలగానే లోకం నవ్వుకుంది గాని, ఆ పాఠం శిక్షకుల దాకా చేరడానికి చాలాకాలం పట్టింది.

ఇదే కాలంలో కోన్‌రాడ్ మోస్ట్ 1906లో సార్‌బ్రూకెన్‌లో ప్రష్యన్ పోలీసు కుక్కలకు శిక్షణ మొదలుపెట్టి, 1910లో దానిపై జర్మన్ భాషలో గ్రంథం వెలువరించాడు. ఆయనను కేవలం కఠినుడని తోసిపుచ్చడం అన్యాయం. బలప్రయోగాన్ని ఆయన సమర్థించిన మాట నిజమే. అయితే కుక్కకు మానవ నీతిని ఆపాదించరాదనీ, చర్యకూ దాని ఫలితానికీ మధ్య ఆలస్యం ఉండరాదనీ ఆయన గ్రహించాడు. ఆయన సిద్ధాంతం ఆయన చేతికంటే ముందున్నది.

బలప్రయోగానికి శాస్త్రం పేరిట సమర్థన దొరికింది తోడేళ్ల అధ్యయనం నుంచి. రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ప్రచురించిన పరిశీలన బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్లది. అక్కడ కనిపించిన ఆధిపత్య పోరునుంచి 'గుంపు నాయకుడు' అనే భావన బలపడింది. డేవిడ్ మెక్ 1970 నాటి గ్రంథం దానిని మరింత వ్యాప్తిలోకి తెచ్చింది. ఇక శిక్షకులు, కుక్క ఇంట్లో నాయకత్వం కోసం పోరాడుతున్నదనీ, దానిని వెల్లకిలా పడదోసి లొంగదీయాలనీ బోధించసాగారు. ఇక్కడ తర్కం రెండుసార్లు తప్పింది. బందిఖానాలోని తోడేలు అడవి తోడేలు కాదు. వేల ఏళ్లుగా మనిషితో బతికిన కుక్క ఏ తోడేలూ కాదు. కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి చూసిన తరువాత, మెక్ 1999లో తన పూర్వపదజాలాన్ని తానే తిరస్కరించాడు. సహజమైన గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలతో కూడిన కుటుంబమేనని ఆయన నిర్ధారణ. పండితుడు మాట మార్చుకున్నా, మార్కెట్టు మార్చుకోలేదు.

ఈ పొరపాటు పుస్తకాలకే పరిమితమై ఉంటే చింత లేదు. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దానిని తిరుగుబాటుగా భావించి దండిస్తే హెచ్చరిక అణగుతుంది, భయం మిగులుతుంది. తరువాతి కాటు చెప్పకుండా పడవచ్చు. ఆ మూల్యం చెల్లించేది చాలాసార్లు ఇంట్లోని పసిపిల్లలు.

మరో ధార మనోవిజ్ఞానశాలలనుంచి వచ్చింది. బి.ఎఫ్. స్కిన్నర్ 1951లో సామాన్య పాఠకుల కోసం రాసిన వ్యాసంలో, పిల్లలు ఆడుకునే 'టిక్' మనే రేకుబొమ్మతో కుక్కకు నేర్పవచ్చునని చూపాడు. ముందు ఆ శబ్దం తరువాత ఆహారం వస్తుందని కుక్కకు అలవాటు చేయాలి. అటుపై కోరిన పని జరిగిన క్షణంలోనే శబ్దం చేయాలి. ఆహారం అందించడానికి పట్టే వ్యవధిని శబ్దం పూడుస్తుంది. మోస్ట్ గుర్తించిన కాలనియమమే ఇది, దండన లేకుండా. డాల్ఫిన్ల శిక్షణలో ఈల చేసిన పని కూడా ఇదే. ఆ అనుభవంతో కారెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకం ఈ పద్ధతిని కుక్కల యజమానుల దగ్గరకు చేర్చింది.

మనిషి కుక్కను తప్పుగా చదివే తీరుపై అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగం ప్రత్యేకంగా పేర్కొనదగినది. యజమానులు 'తప్పు చేసిన ముఖం' అనుకునే చూపు, 14 కుక్కలపై జరిపిన ఆ పరిశీలనలో, కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానిపై ఆధారపడలేదు. యజమాని తిట్టినప్పుడే అది ఎక్కువగా కనిపించింది. మనం పశ్చాత్తాపమని చదివేది మన కోపానికి ప్రతిస్పందన.

తెలుగు ఇళ్లలో ఈ చర్చకు భాషాపరమైన కోణం ఒకటుంది. మన క్రియకు రూపాలెక్కువ. 'కూర్చో', 'కూర్చోరా', 'కూర్చోమంటే వినవే' అన్నవి మనకు ఒకే ఆదేశం. కుక్క చెవికి మూడు వేర్వేరు శబ్దాలు. చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడుతూ కుక్కతో మాత్రం 'సిట్', 'కమ్' అనడాన్ని ఆంగ్లవ్యామోహంగా మాత్రమే చూడనక్కరలేదు. ప్రత్యయాలు చేరని ఆ పొట్టి మాట ఎవరి నోట విన్నా దాదాపు ఒకేలా ఉంటుంది. 'కూర్చో' అన్న ఒక్క రూపానికి ఇంటిల్లిపాదీ కట్టుబడితే తెలుగూ అంతే బాగా పనిచేస్తుంది. అలాంటి మాటను 'ఆజ్ఞ' అనడం కంటే 'సంకేతం' అనడమే సముచితం. ఆజ్ఞను మీరితే దండన గుర్తుకువస్తుంది, సంకేతం అందకపోతే దాన్ని పంపినవారి వైపు చూస్తాం.