వారమిచ్చిన ఇల్లు

దగ్గరికి జరుగు నాయనా, కుంపట్లో నిప్పు ఇంకా ఉంది. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. పేదపిల్లల చదువుకు నెలనెలా డబ్బు పంపుతున్నాను, ఇంకేం చెయ్యాలి తాతా అని అడిగావు కదా. చెబుతాను. నా జవాబు నాలుగు వీధులు తిరిగి వస్తుంది మరి, ఓపిక పట్టాలి.

మా పెద్దల కాలంలో వారాలు చేసుకుని చదువుకునేవాళ్లు. పల్లె నుంచి పట్నం హైస్కూలుకొచ్చిన పేద కుర్రాడికి పూటకూళ్లింట్లో డబ్బిచ్చి తినే తాహతు ఎక్కడిది? సోమవారం ప్లీడరుగారిల్లు, మంగళవారం మాస్టారిల్లు అని రోజుకొక ఇల్లు మాట్లాడుకునేవాడు. అడగందే అమ్మైనా పెట్టదు కదా! ఏ వారం కుదరకపోతే ఆ రోజు మంచినీళ్లే. వారమిచ్చిన ఇల్లాళ్లు మాత్రం అందరూ ఒకటా? ఒకావిడ కుర్రాడు వచ్చే వేళకి నేతిగిన్నె దాచేసేది. ఇంకొకావిడ "ఇవాళ లెక్కల పరీక్షన్నావు, ఎలా రాశావురా?" అని అడిగి మరీ మజ్జిగ పోసేది. ఆ కుర్రాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా తలుచుకున్నది ఈ రెండో ఆవిడనే. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు ఎక్కడో ఉంటారు గానీ, తన చదువు సంగతి అడిగిన ఇంటిని మరిచినవాణ్ణి నేనెరగను.

అందులో లోటు లేకపోలేదు. వారాలు దక్కింది ఎక్కువగా బ్రాహ్మణ కుర్రాళ్లకే. మిగతా కులాల పిల్లలకూ ఆడపిల్లలకూ ఆ తలుపులు తెరుచుకోలేదు. తరవాత హాస్టళ్లు వచ్చాయి. హైదరాబాదులో రెడ్డి హాస్టలు 1918లో వెలిసింది. ఆ కథ ఎత్తుకుంటే తెల్లారిపోతుంది, మన దారికొద్దాం.

పట్టించుకునే మనిషి ఒక్కడుంటే ఏమవుతుందో చూడు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని పెంచింది. పరీక్ష ఫీజు మూడు రూపాయలకి ఆ తల్లి పట్టుచీర తాకట్టు పెట్టింది. మూడు రూపాయలేనా అని నవ్వకు! అప్పట్లో రూపాయికి పదహారణాలు, అణాకి పన్నెండు దమ్మిడీలు. దమ్మిడీకీ విలువున్న రోజులవి. పైగా కుర్రాడికి చదువుతో పాటు అల్లరీ, నాటకాల పిచ్చీ జాస్తి. అలాంటి పిల్లాణ్ణి ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే మాస్టారు చేరదీశారు. చుట్టం కాదు, పక్కం కాదు. తాను రాజమండ్రికి మకాం మారుస్తూ కుర్రాణ్ణీ వెంటబెట్టుకుపోయి చదివించారు. ఆ కుర్రాడే ప్లీడరై, ఆపైన ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, 1946లో మద్రాసు రాష్ట్ర పాలన చేపట్టి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ప్రతి పిల్లాడూ ముఖ్యమంత్రి కానక్కర్లేదు నాయనా. కంపౌండరైనా, కరెంటు పనివాడైనా, వాడికీ ఒక నాయుడుగారు ఉండాలి.

ఇప్పుడు సర్కారు బళ్లో మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు, పుస్తకాలిస్తున్నారు. కరువల్లా అడిగే మనిషికే. పొద్దున్నే కూలికి పోయే తల్లిదండ్రులకు పది తరవాత ఏం చదివించాలో, స్కాలర్‌షిప్పుకు ఎప్పటిలోగా దరఖాస్తు పెట్టాలో చెప్పేదెవరు? నువ్వు చెప్పగలవు. అయితే దానికో పద్ధతుంది. హెడ్మాస్టారికీ పిల్లాడి తల్లిదండ్రులకీ చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే మొదలుపెట్టు. బళ్లోనో, నలుగురూ మసిలే చోటో కూర్చో. మొదటి రోజే నీతులు చెప్పకు, ముందు వాడు చెప్పేది విను. బహుమతులతో మురిపించకు. వాడి పక్కన నిలబడి ఫొటోలు దిగి ఊరందరికీ చూపించకు. అన్నిటికంటే ముఖ్యం, ఆరంభశూరత్వం వద్దు. నాలుగు వారాలు వచ్చి మానేస్తే, అసలు రానివాడి కంటే ఎక్కువ చెరుపు చేసినవాడివవుతావు. ఎదురుచూసి ఎదురుచూసి ఆ పసివాడు ఇంకెవర్నీ నమ్మడు.

డబ్బు పంపడం మానకు. దాంతో పాటు వారానికి ఒక పూట ఒక్క బిడ్డకివ్వు. ఏ రోజు వస్తానన్నావో ఆ రోజే వెళ్లు. వాడు పదో తరగతి గట్టెక్కి, ఆ పై చదువులో కుదురుకునేదాకా చెయ్యి వదలకు.