పేగుల దీర్ఘకాలిక శోథ: రోగ నిర్ధారణ చరిత్ర

నెలల తరబడి తగ్గని విరేచనాలు, మలంలో రక్తం, జిగురు, కడుపునొప్పి, సన్నజ్వరం, బరువు తగ్గిపోవడం వంటి లక్షణాలు ఎన్నో జబ్బుల్లో కనిపిస్తాయి. జిగట విరేచనాలు, పేగు క్షయ, పెద్దపేగు క్యాన్సర్, కొన్ని మందుల దుష్ప్రభావాలు వాటిలో కొన్ని. రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పి పేగు గోడ పదేపదే వాచి పుండ్లు పడే జబ్బులను ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, పొట్టిగా ఐబీడీ అంటారు. వీటిలో ముఖ్యమైనవి అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి. మొదటిదాన్ని తెలుగులో పెద్దపేగు పూత అని కూడా వ్యవహరిస్తారు. ఈ జబ్బులను ఖాయంగా తేల్చే ఒకే ఒక పరీక్ష ఏ కాలంలోనూ లేదు. అందుకే వీటి నిర్ధారణ చరిత్రలో ఎక్కువ భాగం, వీటిలా కనిపించే ఇతర జబ్బులను ఒక్కొక్కటిగా పక్కకు తప్పించిన చరిత్రే.

తొలి వర్ణనలు

ఎడతెగని విరేచనాల ప్రస్తావన ప్రాచీన వైద్య గ్రంథాల్లోనే ఉంది. ఆయుర్వేదంలో చరక సంహిత అతిసారాన్ని, గ్రహణిని వేర్వేరుగా చర్చించింది. అయితే ఆ పేర్లు లక్షణాల సముదాయాలకు పెట్టినవి. వాటిని నేటి ఏదో ఒక జబ్బుతో నేరుగా జత చేయడం కుదరదు. శవపరీక్ష ద్వారా పేగును కళ్లతో చూసి జబ్బును వర్ణించడం ఐరోపాలో 18వ శతాబ్దంలో ఊపందుకుంది. ఇటలీలోని పాడువాకు చెందిన జియోవన్నీ బాటిస్టా మోర్గాన్యీ 1761లో వెలువరించిన గ్రంథంలో, జ్వరంతో, రక్త విరేచనాలతో మరణించిన ఒక యువకుడి పేగులను వర్ణించాడు. ఆ వర్ణన క్రోన్స్ వ్యాధికి సరిపోతుందని తర్వాతి చరిత్రకారులు భావించారు.

స్మెథర్స్ట్ హత్య కేసు

అల్సరేటివ్ కొలైటిస్ చరిత్రలో తరచూ ప్రస్తావనకు వచ్చే తొలి రోగి పేరు ఒక న్యాయస్థానం రికార్డుల్లో ఉంది. ఇంగ్లాండ్‌లోని రిచ్‌మండ్‌లో ఉంటున్న ఇసబెల్లా బ్యాంక్స్ 1859 వసంతంలో ఆగని వాంతులు, విరేచనాలతో మంచం పట్టి, మే నెలలో చనిపోయింది. ఆమె ఆస్తిపరురాలు. భార్య ఉండగానే ఆమెను పెళ్లాడిన థామస్ స్మెథర్స్ట్ స్వయంగా వైద్యుడు. చికిత్స చేస్తున్న డాక్టర్లకు విషప్రయోగమన్న అనుమానం వచ్చింది. రోగి నుంచి సేకరించిన నమూనాలో ఆర్సెనిక్ ఉందని పేరుమోసిన విషశాస్త్ర నిపుణుడు ఆల్ఫ్రెడ్ స్వేన్ టేలర్ చెప్పడంతో స్మెథర్స్ట్‌ను అరెస్టు చేశారు.

అయితే పరీక్షకు తాను వాడిన రాగి జాలీలోనే ఆర్సెనిక్ కలిసి ఉందని టేలర్ ఆ తర్వాత ఒప్పుకోవలసి వచ్చింది. అయినా జ్యూరీ నిందితుణ్ని దోషిగా తేల్చింది, మరణశిక్ష పడింది. ఈ తీర్పుపై వైద్యులు, న్యాయవాదులు అభ్యంతరాలు లేవనెత్తారు. సర్ బెంజమిన్ బ్రోడీ అనే ప్రముఖ శస్త్రవైద్యుడి అభిప్రాయం తీసుకున్నాక, హత్యా నేరం నుంచి స్మెథర్స్ట్‌కు క్షమాభిక్ష లభించింది. రెండో పెళ్లి నేరానికి మాత్రం జైలుశిక్ష అనుభవించాడు.

లండన్ గైస్ ఆసుపత్రికి చెందిన సామ్యూల్ విల్క్స్ ఇసబెల్లా పేగులను పరిశీలించి, అందులోని పుండ్లను, వాపును వర్ణిస్తూ అదే ఏడాది ఒక వైద్య పత్రికకు రాశాడు. అల్సరేటివ్ కొలైటిస్‌ను ప్రత్యేక వ్యాధిగా గుర్తించడంలో తొలి మెట్టుగా ఆ లేఖను పేర్కొంటారు. చిన్నపేగు చివరి భాగం కూడా చెడిపోయిందని ఆయన రాసినందువల్ల, అది నిజానికి క్రోన్స్ వ్యాధి అయి ఉంటుందని తర్వాతి పరిశోధకులు వాదించారు. రెండు జబ్బుల మధ్య తికమక తొలి కేసు నుంచే ఉందన్నమాట.

సూక్ష్మజీవుల వడపోత

19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో విరేచనాల వెనకున్న సూక్ష్మజీవులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫెడోర్ లోష్ జిగట విరేచనాల రోగిలో అమీబాను చూశాడు. 1882లో రాబర్ట్ కోక్ క్షయ క్రిమిని కనుగొన్నాడు. 1897లో జపాన్‌కు చెందిన కియోషి షిగా బ్యాక్టీరియా వల్ల వచ్చే జిగట విరేచనాలకు కారణాన్ని గుర్తించాడు. ఇలా కారణాలు తెలిసినవి విడిపోయేసరికి, ఏ క్రిమీ దొరకని రోగుల గుంపు మిగిలింది. 1888లో విలియం హేల్‌వైట్ అటువంటి కేసులను అల్సరేటివ్ కొలైటిస్ పేరుతో వివరంగా రాశాడు. 1909లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ నగరంలోని పలు ఆసుపత్రుల నుంచి 300కు పైగా కేసులను సేకరించి చర్చించింది.

చిన్నపేగు విషయంలో ఇంకా ఆలస్యమైంది. వార్సాలో ఆంతొనీ లెష్నియోవ్‌స్కీ 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే ఇటువంటి కేసులు రాశాడు. పోలండ్‌లో నేటికీ ఈ జబ్బును లెష్నియోవ్‌స్కీ–క్రోన్ వ్యాధి అంటారు. 1913లో గ్లాస్గో శస్త్రవైద్యుడు కెనెడీ డాల్జీల్ తొమ్మిది మంది రోగుల వివరాలు ప్రచురించాడు. వాపుతో గట్టిపడిన పేగు, చచ్చి కొయ్యబారిన ఈల్ చేపలా నున్నగా, బిర్రుగా ఉంటుందని పోల్చాడు. పశువుల్లో క్షయ క్రిమి జాతికే చెందిన బ్యాక్టీరియా వల్ల వచ్చే యోన్స్ వ్యాధికి, దీనికి పోలికలున్నాయని గమనించాడు. ఆ బ్యాక్టీరియాకు క్రోన్స్‌తో సంబంధం ఉందా అన్న చర్చ నేటికీ ముగియలేదు.

1932 వ్యాసం

న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు ఎ.ఎ. బెర్గ్ ఆపరేషన్ చేసి తీసిన పేగు భాగాలను లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ పరిశీలిస్తూ వచ్చారు. ఇటువంటి రోగులనే చూస్తున్న బరిల్ క్రోన్ వారితో కలిశాడు. 1932 అక్టోబరులో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ముగ్గురి పేర్లతో 14 మంది రోగుల వివరాలు వచ్చాయి. ఎక్కువ మంది యువకులే. జ్వరం, విరేచనాలు, బరువు తగ్గడం, పొత్తికడుపు కుడివైపు చేతికి తగిలే గడ్డ ఉండేవి. కొందరికి అప్పటికే అపెండిక్స్ తీసేశారు, జబ్బు మాత్రం తగ్గలేదు. క్షయ ఆధారాలు దొరకలేదు.

రచయితలు మొదట వ్యాధిని టెర్మినల్ ఇలైటిస్ అన్నారు. ఆ మాట ప్రాణాంతకమనే అర్థం ఇస్తుందని మేయో క్లినిక్ వైద్యుడు జె. ఆర్నాల్డ్ బార్గెన్ సూచించడంతో రీజనల్ ఇలైటిస్‌గా మార్చారు. వ్యాసంపై పేర్లను అక్షరక్రమంలో వేశారు, బెర్గ్ తన పేరు వద్దన్నాడు. ఆ విధంగా వ్యాధికి క్రోన్ పేరు స్థిరపడింది. 1956లో అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కు ఇదే జబ్బుతో అత్యవసరంగా ఆపరేషన్ చేయడంతో దీని గురించి సామాన్య ప్రజలకూ తెలిసింది.

మనసుపై మోపిన నింద

కారణం దొరకని జబ్బును మనసుకు అంటగట్టడం ఈ చరిత్రలో ఒక సుదీర్ఘ ఘట్టం. 1930లో సెసిల్ మర్రే అల్సరేటివ్ కొలైటిస్‌కు మానసిక సంఘర్షణలు కారణమవుతాయని రాశాడు. 1950లో ఫ్రాంజ్ అలెగ్జాండర్ మనోదైహిక వ్యాధుల పట్టికలో దీన్ని చేర్చాడు. చాలామంది రోగులను మానసిక విశ్లేషకుల దగ్గరకు పంపారు. 1955లో సిడ్నీ ట్రూలవ్, లెస్లీ విట్స్ ఆక్స్‌ఫర్డ్‌లో జరిపిన నియంత్రిత ప్రయోగంలో కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఈ జబ్బుపై బాగా పనిచేసింది. జబ్బు తీవ్రతను కొలవడానికి వారు పెట్టిన కొలమానాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. మానసిక ఒత్తిడి బాధను పెంచవచ్చు గానీ, అదే మూలకారణమన్న వాదన తర్వాతి దశాబ్దాల్లో వీగిపోయింది.

రెండు జబ్బుల మధ్య గీత

క్రోన్స్ చిన్నపేగుకే పరిమితమని, పెద్దపేగులో వచ్చేదంతా అల్సరేటివ్ కొలైటిస్ అని చాలాకాలం నమ్మారు. 1960లో లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన శస్త్రవైద్యుడు లాక్‌హార్ట్–మమ్మరీ, పాథాలజిస్టు బాసిల్ మోర్సన్ ఆ నమ్మకాన్ని సరిదిద్దారు. పెద్దపేగులోనూ క్రోన్స్ వస్తుందని, దాన్ని విడిగా గుర్తించవచ్చని చూపారు.

నేటి ప్రాథమిక తేడాలు ఆ క్రమంలో రూపుదిద్దుకున్నవే. అల్సరేటివ్ కొలైటిస్ మలాశయంలో మొదలై, మధ్యలో ఖాళీ లేకుండా పైకి పాకుతుంది, ప్రధానంగా లోపలి పొరనే దెబ్బతీస్తుంది. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. మచ్చమచ్చలుగా వస్తుంది, గోడ మందమంతా పాకుతుంది, పేగు ఇరుకు కావడానికి, ఫిస్టులాలకు (పేగు నుంచి ఏర్పడే అసహజ దారులకు) దారితీస్తుంది.

అయితే ఈ గీతకు లొంగని కేసులు మిగిలాయి. 1978లో యాష్లీ ప్రైస్, తీసేసిన పెద్దపేగును పూర్తిగా పరీక్షించినా ఏదో తేల్చలేని వాటికి ఇండిటర్మినేట్ కొలైటిస్ అనే పేరును స్థిరపరిచాడు. పెద్దపేగు జబ్బుల్లో సుమారు పదో వంతు ఈ కోవలోకి వస్తాయని అంచనా.

పేగు లోపలికి చూపు

కడుపు కోయకుండా పేగును చూడడానికి తొలి మార్గం గట్టి గొట్టంలాంటి సిగ్మాయిడోస్కోపు. దానితో మలాశయం, దాని పైభాగం కొంత మాత్రమే కనిపించేవి. 20వ శతాబ్దం తొలినాళ్లలో బేరియం ఎక్స్‌రే వచ్చింది. 1934లో కాంటర్, ఇరుకైన చిన్నపేగు ఎక్స్‌రేలో సన్నని దారంలా కనిపించడాన్ని క్రోన్స్ గుర్తుగా వర్ణించాడు. 1969 ప్రాంతంలో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా వంగే కొలనోస్కోపును వాడకంలోకి తెచ్చాక, పెద్దపేగు మొత్తాన్ని చూసి, ముక్క తీసి పరీక్షకు పంపడం సాధ్యమైంది.

ఆ ముక్క పరీక్ష వల్లే మరో జబ్బు బయటపడింది. పైకి పేగు మామూలుగానే కనిపిస్తున్నా సూక్ష్మదర్శిని కింద మాత్రమే దొరికే కొలాజినస్ కొలైటిస్‌ను 1976లో స్వీడన్‌కు చెందిన లిండ్‌స్ట్రమ్ వర్ణించాడు. నీళ్ల విరేచనాలతో బాధపడేవారికి కొలనోస్కోపీ నార్మల్ అని వచ్చినా ముక్క తీయడం అవసరమయ్యేది ఇందుకే. 2000–01లో మింగే కెమెరా గుళిక వచ్చి, అంతదాకా స్కోపులకు అందని చిన్నపేగు మధ్యభాగాన్ని చూపింది. పేగు ఇరుకుగా ఉంటే గుళిక ఇరుక్కునే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు సీటీ, ఎంఆర్ స్కాన్లే ముందు చేస్తారు.

ప్రయోగశాల పరీక్షలు

తెల్లరక్తకణాల నుంచి వెలువడే కాల్‌ప్రొటెక్టిన్‌ను నార్వేలో 1980లో కనుగొన్నారు. 1992 నాటికి దాన్ని మలంలో కొలిచే పద్ధతి వచ్చింది. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌లో పేగుకు వాపు ఉండదు కనుక ఈ పరీక్ష దాన్ని ఐబీడీ నుంచి వేరు చేయడానికి పనికొస్తుంది. కానీ సూక్ష్మజీవుల వల్ల వచ్చిన విరేచనాల్లోనూ, నొప్పి మాత్రల వాడకం వల్లనూ ఇది పెరుగుతుంది. వాపు ఉందని చెబుతుంది, ఎందుకో చెప్పదు. 2001లో నాడ్2 జన్యువుకు క్రోన్స్‌తో సంబంధాన్ని రెండు పరిశోధన బృందాలు ఏకకాలంలో ప్రకటించాయి. ఆ తర్వాత ఇలాంటి జన్యు ప్రాంతాలు ఎన్నో బయటపడినా, సాధారణ రోగిలో నిర్ధారణకు జన్యు పరీక్ష ఆధారం కాలేదు.

భారతదేశం: క్షయా, క్రోన్సా?

ఉష్ణదేశాల్లో రక్త విరేచనాలంటే మొదట అమీబానే గుర్తొచ్చేది. 1912లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఎమెటిన్ ఇంజక్షన్లతో అమీబిక్ జిగట విరేచనాలకు చికిత్స చూపాడు. నేటికీ పరీక్ష లేకుండా పదేపదే అమీబా మందులు వాడి, ఆలస్యంగా నిపుణుల దగ్గరకు వచ్చే పేగుపూత రోగులు ఉన్నారు. మొలలని సరిపెట్టుకుని రక్తం పోవడాన్ని పట్టించుకోనివారూ ఉన్నారు. భారత్‌లో ఐబీడీ అరుదన్న భావనను పంజాబ్‌లో జరిగిన సర్వే సడలించింది. 2003లో ప్రచురితమైన ఆ సర్వే ప్రకారం లక్ష మందిలో సుమారు 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉంది.

అసలు చిక్కు క్రోన్స్ దగ్గర వస్తుంది. పేగు క్షయ కూడా చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటనే ఎక్కువగా వస్తుంది. రెండింటిలోనూ జ్వరం, బరువు తగ్గడం, పుండ్లు, ఇరుకుదనం ఉంటాయి. ముక్క పరీక్షలో గ్రాన్యులోమాలనే కణాల గుంపులు రెండింటిలోనూ కనిపించవచ్చు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 1999లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, క్షయలో అవి పెద్దవిగా, ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. క్రోన్స్‌లో చిన్నవిగా, అరుదుగా ఉంటాయి. పేగు ముక్కలో క్షయ క్రిమి దొరికితే సందేహం తీరినట్టే. కల్చర్, జన్యు ఆధారిత జీన్‌ఎక్స్‌పర్ట్ వంటి పరీక్షల్లో చాలాసార్లు అది దొరకదు, దొరకనంత మాత్రాన క్షయ లేదనలేరు.

పొరపాటు ఎటు జరిగినా నష్టమే. 1998లో అమెరికాలో అనుమతి పొందిన, రోగనిరోధక స్పందనను అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే క్రోన్స్ మందు వాడినవారిలో 70 క్షయ కేసులు వచ్చాయని 2001లో ఒక నివేదిక బయటపెట్టింది. క్షయను క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు, ఇటువంటి మందులు ఇస్తే క్షయ విజృంభిస్తుంది. క్రోన్స్‌ను క్షయ అనుకుని మందులు ఇస్తే అసలు చికిత్స ఆలస్యమై పేగు మరింత ఇరుకవుతుంది, క్షయ మందులు కాలేయాన్ని దెబ్బతీసే అవకాశమూ ఉంది. తేలని కేసుల్లో మన వైద్యులు కొన్ని వారాలు క్షయ మందులు వాడి చూసే పద్ధతిని అనుసరించారు. రెండు మూడు నెలలకు కొలనోస్కోపీ మళ్లీ చేసి పుండ్లు మానాయో లేదో చూస్తారు. రోగికి హాయిగా అనిపించినంత మాత్రాన క్షయ అని నిర్ధారించరు, ఎందుకంటే ఆ మందులతో క్రోన్స్ రోగికి కూడా కొంత ఉపశమనం కలగవచ్చు.

ఐబీడీ నగరవాసుల జబ్బు అన్న అభిప్రాయమూ మారుతోంది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు, పేగు లక్షణాలున్న 30,000 మందికి పైగా గ్రామీణ, పట్టణ ప్రజలను కొలనోస్కోపీతో పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. పల్లెల్లోనూ పట్టణాలతో దాదాపు సమానంగా ఐబీడీ కనిపించింది.

ప్రస్తుత పద్ధతి

నేడు నిర్ధారణ అంచెలవారీగా సాగుతుంది. రోగి చెప్పే వివరాలు, మల పరీక్షలో సూక్ష్మజీవుల కోసం వెతకడం, రక్తహీనత, వాపు సూచించే రక్త పరీక్షలు, కొలనోస్కోపీ, పేగు బాగున్న చోట కూడా తీసిన ముక్కలు, అవసరమైతే స్కాన్. వీటన్నిటినీ కలిపి చూసి జీర్ణకోశ నిపుణుడు, పాథాలజిస్టు, రేడియాలజిస్టు ఒక నిర్ణయానికి వస్తారు. ఒక్కోసారి ఆ నిర్ణయం ఏళ్ల తర్వాత మారుతుంది, మొదట కొలైటిస్ అనుకున్నది క్రోన్స్‌గా తేలుతుంది. అందువల్ల పాత రిపోర్టులను, బయాప్సీ స్లైడ్లను భద్రపరచి కొత్త డాక్టరుకు చూపడం నిర్ధారణలో భాగమే. వారాల తరబడి ఆగని విరేచనాలు, మలంలో రక్తం, నిద్రలోంచి లేపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే, సొంతంగా అమీబా మాత్రలతో సరిపెట్టుకోకుండా జీర్ణకోశ నిపుణుడిని కలవాలి.