కొలబద్దను ప్రశ్నించిన విద్యావేత్త: జార్జ్ సాంచెజ్ కృషి, దాని పరిమితి

1920లలో అమెరికా నైరుతి రాష్ట్రాల బడుల్లో స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషులో ప్రజ్ఞా పరీక్షలు పెట్టేవారు. మార్కులు తగ్గితే లోపం వాళ్ల పుట్టుకలోనే ఉందని తేల్చిన మనోవిజ్ఞాన పత్రాలు ఆ రోజుల్లో కోకొల్లలు. పరీక్షా నిర్మాణం, గణాంకాలు క్షుణ్ణంగా తెలిసి, ఆ శాస్త్రం లోపలి నుంచే దాన్ని నిలదీసినవాడు జార్జ్ ఇసిడోర్ సాంచెజ్ (1906–1972). లాటినో పిల్లల విద్యా సమానత్వానికి ఆయన చేసిన సేవల్లో అన్నిటికన్నా విలువైనది ఈ విమర్శే. న్యాయస్థానాలు మాత్రం దాన్ని సగమే అందుకున్నాయి.

సాంచెజ్ అల్బుకర్కీలో పుట్టాడు. ఇరవై ఏళ్లు నిండకముందే న్యూ మెక్సికోలోని ఒక పల్లె బడిలో పంతులుగా చేరాడు. 1934లో బర్కిలీలో డాక్టరేట్ పొందాడు. రాష్ట్ర విద్యాశాఖలో పనిచేసిన రోజుల్లోనే, స్థానిక పన్నుల మీద ఆధారపడ్డ పేద కౌంటీల బడులకు న్యాయంగా నిధులు అందాలని పోరాడాడు.

1932, 1934లలో వెలువడిన ఆయన వ్యాసాల్లోని తర్కం సూటిగా ఉంటుంది. ఏ పిల్లలను ఆధారంగా చేసుకుని పరీక్ష ప్రమాణాలు నిర్ణయించారో వాళ్లకు ఆ ప్రశ్నల్లోని మాటలు, అనుభవాలు ఎంత పరిచితమో, ఇప్పుడు పరీక్ష రాసే పిల్లలకూ అంతే పరిచితమై ఉండాలి. లేకుంటే ఆ పరీక్షకు సప్రమాణత లేదు. ప్రశ్నలను స్పానిష్‌లోకి మార్చినా ఇబ్బంది తీరదు. మాట మారితే దాని కాఠిన్యమూ మారుతుంది కనుక అది వేరే పరీక్షే అవుతుంది. బడి నేర్పని దాన్ని అడిగి, రాలేదని పిల్లల మీద ముద్ర వేయడం శాస్త్రం కాదని ఆయన నిలదీశాడు. ఆనాటి విద్యాశాఖలు వినాల్సిన మాట ఇది.

టావోస్ కౌంటీ పరిశీలనతో 1940లో వెలువరించిన ‘ఫర్గాటెన్ పీపుల్’లో ఈ తర్కాన్ని చరిత్రకు వర్తింపజేశాడు. మెక్సికోతో కుదిరిన 1848 ఒప్పందంతో అమెరికా తనలో కలుపుకున్న ప్రజలకు చదువు చెప్పే బాధ్యతను ప్రభుత్వం వదిలేసిందని అందులో వాదించాడు.

ఆ తర్వాత పోరు కోర్టులకెక్కింది. బడుల్లో మెక్సికన్ అమెరికన్ పిల్లలను విడిగా కూర్చోబెట్టడాన్ని సవాలు చేస్తూ టెక్సస్‌లో వేసిన డెల్గాడో కేసుకు సాంచెజ్ వెనక నుండి చాలా సాయం చేశాడు. అలా వేరు చేయడం చెల్లదని 1948 జూన్‌లో తీర్పు వచ్చింది. అయితే అందులోనే ఒక సందు మిగిలింది. ప్రామాణిక శాస్త్రీయ పరీక్షల్లో ఇంగ్లీషు సరిపోదని తేలితే, అదే ప్రాంగణంలో, ఒకటో తరగతి వరకు పిల్లలను విడిగా కూర్చోబెట్టవచ్చు. ఏ పరీక్షల సప్రమాణతను ఆయన పదహారేళ్ల ముందే ప్రశ్నించాడో, ఆ కోవకు చెందిన పరీక్షల చేతికే న్యాయస్థానం పిల్లల భవితను అప్పగించింది. నా దృష్టిలో ఆ తీర్పులోని పెద్ద లోటు ఇదే. భాష పేరిట విడదీయడానికి బోధనాపరమైన ఆధారమే లేదని 1951లో సాంచెజ్ మళ్లీ రాయవలసి వచ్చింది.

టెక్సస్‌లోనే డ్రిస్కల్ అనే చిన్న ఊరి బడిలో ఈ సందు ఎంత పెద్దదో బయటపడింది. మెక్సికన్ అమెరికన్ పిల్లల్లో చాలామందికి అక్కడ ఒకటో తరగతి దాటడానికే మూడేళ్లు పట్టేది. స్పానిష్ రాని, ఇంగ్లీషే మాట్లాడే ఒక బాలికను కూడా ‘మెక్సికన్’ విభాగంలో వేశారు. లాయరు కలగజేసుకున్నాక గాని మార్చలేదు. ఇది భాషావసరం కాదని, జాతి వివక్షేనని ఫెడరల్ న్యాయమూర్తి జేమ్స్ ఆల్‌రెడ్ 1957లో తీర్పు చెప్పాడు.