ద్వారం వెంకటస్వామి నాయుడు: పక్కవాద్యం నుంచి కచేరీ నడుమకు

వయొలిన్ దక్షిణాది సంగీతంలోకి పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక ఐరోపా వాయిద్యకారుడి దగ్గర దాన్ని నేర్చి కర్ణాటక బాణీకి మలిచాడు. కళాకారుడు నేల మీద కూర్చుని, వాద్యం తలను కుడి పాదం మీద ఆనించి వాయించడం మొదలైంది. తీగలను షడ్జమ పంచమాలకు శ్రుతి చేశారు. ఎడమచేతి వేళ్లు తీగ మీద జారుతూ గమకాలు పలికించాయి. అయితే వేదిక మీద వయొలిన్ స్థానం మాత్రం గాయకుడి పక్కనే. పాడినదాన్ని అనుసరించడం, తన వంతు వచ్చినప్పుడు నాలుగు ఆవర్తాలు వాయించి తప్పుకోవడం దాని పని.

ఆ హద్దు చెరిపిన వారిలో ముందువరసలో నిలిచే తెలుగువాడు ద్వారం వెంకటస్వామి నాయుడు. 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగాడు. తండ్రి సైన్యంలో అధికారి. తొలి పాఠాలు అన్న వెంకటకృష్ణయ్య దగ్గర. చూపు మందగించడంతో బడి చదువు సాగలేదు. చేతికి మిగిలింది వయొలినే.

1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాల నెలకొల్పాడు. కళాశాల తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. విద్యార్థిగా చేరుదామని వెళ్లిన నాయుడిని వయొలిన్ ఆచార్యుడిగా నియమించారన్న కథ సంగీత లోకంలో ప్రసిద్ధం. అప్పటికి ఆయన వయసు పాతిక దాటింది, అంతే. 1936లో దాసు తరువాత కళాశాల అధ్యక్ష పదవి ఆయనకే దక్కింది. పేరున్న విద్వాంసులు మద్రాసు చేరుతున్న కాలంలో ఆయన పాఠం చెప్పే కొలువును విజయనగరంలోనే నిలుపుకున్నాడు. ఉత్తరాంధ్రకు ఇది అదృష్టమే అనాలి.

వాదనంలో ఆయన ప్రత్యేకత కమాను. పాశ్చాత్య వయొలినిస్టుల రికార్డులు శ్రద్ధగా వినేవాడు. వారి నిడుపాటి కమాను లాగుడును, నాదపు నిండుదనాన్ని రాగాలాపనకు అన్వయించుకున్నాడు. అరువు తెచ్చుకున్నది మెలకువే. గమకం మాత్రం అచ్చంగా మనదిగానే ఉండేది. ఎందరో గాయకులకు పక్కవాద్యం వాయించినా, 1938లో వేలూరులో వయొలిన్‌నే ప్రధానంగా పెట్టి కచేరీ చేశాడు. ఆ తరువాత ఒంటరి వయొలిన్ కచేరీ వింత కాకుండా పోయింది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో భారత పర్యటనకు వచ్చిన పాశ్చాత్య వయొలినిస్టు యెహూదీ మెనూహిన్ ఆయన వాదన విని మెచ్చుకున్నాడు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి.

బిరుదులకన్నా ఎక్కువ కాలం నిలిచింది ఆయన పెంచిన కళాశాలే. ఘంటసాల వెంకటేశ్వరరావు అక్కడే చదివాడు. పి. సుశీల కూడా ఆ కళాశాల విద్యార్థినే. నాయుడి కుమారుడు భావనారాయణరావు తండ్రి బాటలో వయొలినిస్టు అయి, తరువాత అదే సంస్థకు ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. నాయుడు 1964 నవంబరు 25న కన్నుమూశాడు. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.