తీగకు గుచ్చని ఉత్తరాలు

‘ఉభయ కుశలోపరి’ అని మొదలైన ఉత్తరం రెండో వాక్యంలోనే జ్వరం కబురు చెబుతుంది. వట్టి లాంఛనమని మనం దాన్ని దాటిపోతాం. కాని బర్మా వెళ్ళిన అన్నకూ ఇంటి దగ్గర మిగిలిన చెల్లెలికీ మధ్య నడిచిన ఉత్తరాలలో అసలు విషయం అక్కడే మొదలవుతుంది.

పావు అణా కార్డు మన దేశంలోకి 1879లో వచ్చింది. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు కాకినాడలోనో భీమునిపట్నంలోనో ఓడెక్కి రంగూను రేవులో మూటలు మోయడానికీ, ధాన్యం మిల్లుల్లో పనికీ పోతున్న కాలమది. వెళ్ళినవారిలో అత్యధికులు మగవాళ్ళు. అన్నకు చలిజ్వరమని కబురు వస్తే చెల్లెలు జవాబు చెప్పి రాయించేది: నేలవేము కషాయం తాగు, శొంఠీ మిరియాలూ నూరి తేనెతో పుచ్చుకో, మూడు పూటలు లంఖణం చెయ్యి.

రాసేది ఎవరు? బడిపంతులో, పోస్టుమానో. పైగా కార్డు దారిపొడుగునా ఎవరైనా చదవగలిగింది. అందుకే కాన్పు తరవాత తాను పడుతున్న బాధ ఆమె చెప్పలేదు. ‘నాకూ వొంట్లో బాగుండడం లేదు’ అన్నచోట ఆగిపోయేది. స్త్రీల రోగాలకు మన చరిత్రలో ఆధారాలు లేకపోవడానికి ఇదీ వొక కారణం.

ఇక ఆ కషాయం కాచుకునేది ఎక్కడ? మేస్త్రీ చూపించిన ఇరుకు గదిలో పదిమందితో పడుకునేవాడికి వేరే పొయ్యి ఎక్కడిది? వొక రోజు పడుకుంటే ఆ రోజు కూలి పోతుంది. అతనికి లంఖణం వైద్యం కాదు, బతుకే. మలేరియాకు క్వినైన్ అప్పటికే వుంది. 1892లో బెంగాలు ప్రభుత్వం దాన్ని పైసా పొట్లాలుగా పోస్టాఫీసుల్లోనే అమ్మించడం మొదలుపెట్టింది కూడా. ఆ మందు అందని చోటికి అందింది చెల్లెలి కార్డే.

ఈ చిట్కాలను కొందరు పూర్వుల విజ్ఞానమని కొలుస్తారు, కొందరు మూఢత్వమని కొట్టేస్తారు. ఇద్దరూ ఆ ఉత్తరాలు మిగిలిన తీరును చూడరు. ఇంట్లో ఇనపతీగకు గుచ్చి దాచింది క్షేమంగా వున్నామన్న ఉత్తరాలను. చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని చదివిన వెంటనే చించి పారేసేవారు, ఇంట్లో వుంచకూడదని. కనుక తీగ మీద మిగిలినవన్నీ తగ్గిన జ్వరాలు. కషాయం గెలిచినవే మనకు దొరుకుతాయి. ఓడినవి గుమ్మం బయటే ముక్కలయ్యాయి. మా నాయనమ్మల వైద్యం గొప్పదని వ్యాసాలు రాసే మిత్రులు ఈ మాట వొక్కసారి ఆలోచించాలి.

1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేశాయి. 1942లో అరకాను కొండల మీదుగా, మణిపురం, అస్సాం దారుల్లో లక్షలమంది కాలినడకన బయలుదేరారు. కలరాకూ మలేరియాకూ దారిలోనే రాలిపోయినవారు వేలు. ఆ ఇళ్ళకు చించడానికైనా ఉత్తరం రాలేదు.